మన వేదికపై జపాను పాట పాడరాదా?

యువకులు నలుగురు గూడి, గిటారులు డ్రమ్ములు సమకూర్చుకొని, "ఈ యుగాదికి మేము జపాను దేశపు రాక్ పాటలు వినిపింతుము" అని సంఘపు పెద్దలకు విన్నవించినచో, వెంటనే వారి నోట వెడలు ప్రశ్న యొకటి కలదు: "మన పాటలు లేవా, నాయనా?" ప్రశ్న వాత్సల్యముతో గూడినదే. కాని ఆ వాత్సల్యము వెనుక నొక నిషేధము దాగియున్నది. ఆ నిషేధము న్యాయము గాదనియు, పావగడ తాలూకాలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు హితమును గాదనియు చెప్పుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి. పెద్దలపై మాకు గౌరవము కలదు; ఈ విషయమున వారి వాదముపై మాత్రము లేదు.

ముందుగా మాటను స్పష్టపరచుకొందము. ఇతరులు రచించి, స్వరపరచి, పాడి ప్రసిద్ధికి దెచ్చిన పాటలను తాము నేర్చి సభలలో వినిపించు బృందమును ఆంగ్లేయులు కవర్ బ్యాండ్ అందురు. జపానువారు కోపీ బాండో అందురు. మన యూళ్లలో దీనికి ఆర్కెస్ట్రా యని పేరు. వినాయకచవితి పందిళ్లలోను, జాతరలలోను, పెండ్లిండ్లలోను ఘంటసాల పాటలను, బాలసుబ్రహ్మణ్యం పాటలను, రాజ్‌కుమార్ చిత్రముల కన్నడ పాటలను తిరిగి పాడు బృందములన్నియు ఇట్టివే. కావున ఒకరి పాటను మరియొకరు పాడుటపై మన పెద్దలకు ఆక్షేపణ లేదు. తెలుగువారమెల్ల గూడిన సభలో ప్రార్థనాపద్యమొకటి ముగియగానే, మూడు గంటలపాటు సినిమా పాటలు పాడించి, "సంస్కృతిని నిలిపితిమి" అని తృప్తి నొందుటయు మనకు అలవాటే.

ఆ పాటలలో గొప్పవి లేవని మేమనము, అనేకము కలవు. కాని అవి మదరాసులోనో హైదరాబాదులోనో పుట్టి, చలనచిత్రవ్యాపారము వెంట మన యిండ్లకు వచ్చినవి. వాటిలో పావగడ పలుకుబడి లేదు. మన వేరుసెనగ చేని మాట లేదు. నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి రథోత్సవపు సందడి లేదు. ఆ పాటలను మనవి యనుట పుట్టిన చోటును జూచి కాదు, వాటిపై మనకు గల ప్రేమను జూచియే. ప్రేమయే ప్రమాణమైనచో, నేటి యువకుడు ప్రేమించిన పాట అతనిది గాకపోవుట యెట్లు? భాషయే ప్రమాణమందురా? హిందీ పాటలకు మన వేదికలపై ఏనాడును అడ్డు లేదు. మర్యాదయే ప్రమాణమందురా? నేటి సినిమాలలో ఐటెం సాంగు లన్న పేర వచ్చుచున్న వాటిని పసిపిల్లలచేత ఆడించి, చప్పట్లు గొట్టి, బహుమానము లిచ్చుచున్న మనము మర్యాద మాట యెత్తకుండుటయే మర్యాద.

మన వాదములోని వైపరీత్యమును వెల్లడించు ఉదాహరణ మొకటి యిటీవలనే జరిగినది. 2022 అక్టోబరులో ఆర్.ఆర్.ఆర్. చిత్రము జపానులో విడుదలయ్యెను. అందు చంద్రబోసు వ్రాసి కీరవాణి స్వరపరచిన "నాటు నాటు" పాట 2023 మార్చిలో ఆస్కారు బహుమానము నందెను. జపాను ప్రేక్షకులు ఆ తెలుగు పాటకు అడుగులు కదుపుచుండగా జూచి మనమెల్లరము ఉప్పొంగితిమి. 2024 జనవరిలో తకరజుక యను ప్రసిద్ధ నాటకసంస్థ, నటవర్గమంతయు స్త్రీలే యైన సంస్థ, ఆ కథను తన రంగస్థలమున కెక్కించెను. అప్పుడు మనలో నెవ్వరును "జపానువారికి వారి పాటలు లేవా?" అని యడుగలేదు. వారు మన పాట పాడిన నది మన ఘనత. మన పిల్లలు వారి పాట పాడిన నది మన పతనము! ఈ న్యాయము ఏ ధర్మశాస్త్రమున నున్నది?

అంత దూరము పోనేల? త్యాగరాజస్వామి తెలుగు కృతులను తమిళులు, కన్నడిగులు, మలయాళులు తరతరములుగా పాడుచున్నారు. మైసూరు వాసుదేవాచార్యులవారు కన్నడదేశమున నుండి తెలుగులో కృతులు రచించిరి. కాకినాడలో జన్మించిన పి. బి. శ్రీనివాస్, గుంటూరు సీమలో జన్మించిన ఎస్. జానకి కన్నడిగుల యింటింట తమ గొంతులను నిలుపుకొనిరి. పాట వచ్చు త్రోవయు పోవు త్రోవయు ఒక్కటే. రాకను మూసినవాడు పోకను గూడ మూసినవాడే.

"గిటారు మనది గాదు, డ్రమ్ము మనది గాదు" అను మాట యొకటి వినబడును. వయొలిను ఎవరిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని ఐరోపా పద్ధతిలో నేర్చి మన సంగీతమునకు దెచ్చెను. ముత్తుస్వామి దీక్షితులే ఐరోపావారి బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యమును గూర్చి నొట్టుస్వరములను రచించెను. ఆ మహానుభావునికి తన పాటలు లేకనా? ఇక హార్మోనియము ఫ్రాన్సు దేశమున పుట్టినది. పరదేశపు వాద్యమనియు, మన గమకములు దానిపై పలుకవనియు నెంచి ఆలిండియా రేడియో 1940లో దానిని బహిష్కరించెను. 1971 వరకు ఆ బహిష్కారము సడలలేదు. ఆ ముప్పదియేండ్లలో మన సరిహద్దు గ్రామములలో పద్యనాటకము లాడినవారు హార్మోనియమును మూలబెట్టిరా? నేడు కృష్ణరాయబారపు పద్యమును హార్మోనియము లేక ఊహింపగలమా? తిరుమణి ప్రాంతమున 13,000 ఎకరముల నేలపై అద్దపు పలకలు పరచి, సూర్యరశ్మినుండి 2,050 మెగావాట్ల విద్యుచ్ఛక్తిని దీయు సామర్థ్యము గల తాలూకా మనది. ఆ విద్యుత్తుతో పలుకు తీగవాద్యము మాత్రము మన గుమ్మము త్రొక్కరాదనుట వింతగా లేదా?

ఈ కలహము మనకు క్రొత్త గావచ్చును గాని జపానునకు క్రొత్త గాదు. అచ్చటి పెద్దలును ఒకనాడిట్లే కలవరపడిరి. 1965 ప్రాంతమున అమెరికా దేశపు వెంచర్స్ బృందపు ఎలక్ట్రిక్ గిటారు మోత విని, జపాను బాలురు ఉవ్విళ్లూరుచు గిటారులు చేతబట్టిరి. కొన్నిచోట్ల విద్యాధికారులు విద్యార్థులకు ఆ వాద్యమును నిషేధించిరి. 1966లో బీటిల్స్ బృందమువారు టోక్యోలోని బుదోకాన్ భవనమున పాడవచ్చినపుడు, యుద్ధవిద్యల పవిత్రస్థలము మైలపడునని కొందరు జాతీయవాదులు వీధులకెక్కిరి. నేడా బుదోకాన్ వేదికపై పాడుటయే జపాను బృందములకు పరమగౌరవము. తెరౌచి తకేషి యను గిటారు విద్వాంసుడు నిషేధించినవారిని నిందించుచు కూర్చుండలేదు. 1967లో బీథోవెన్ ఐదవ సింఫనీని ఎలక్ట్రిక్ గిటారుపై వాయించి రికార్డు చేసెను. తన దేశపు జానపదపు వరుసలను దానిపైననే పలికించెను. ఉన్నతపాఠశాలలకు తానే పోయి కచేరీలు చేసెను. అతడు పెద్దలకిచ్చిన సమాధానము వాద్యముతోనే యిచ్చెను.

అయినను మన కన్నిటికంటె ముఖ్యమైన పాఠము దీని తరువాతిది. జపాను యువకులు మొదట ఆంగ్లగీతములను ఉన్నవి యున్నట్లు పాడిరి. పదములకు అర్థము తెలియకయు పాడిరి. పిమ్మట 1970, 1971 సంవత్సరములలో వారిలో వారికే యొక గొప్ప వాదము పుట్టెను. రాక్ సంగీతపు నడకపై జపాను భాష కూర్చుండదు, ప్రపంచము వినవలెనన్నచో ఆంగ్లముననే పాడవలెను అని ఉచిదా యూయా మొదలగువారు వాదించిరి. హాప్పీ ఎండో యను బృందమువారు దానికి ఒప్పుకొనలేదు. హొసోనో హరువొమి, ఒతాకి ఎయిచి, మత్సుమొతొ తకాషి, సుజుకి షిగెరు అను నలుగురు తమ మాతృభాషలోనే పాడిరి. 1971లో వెలువడిన వారి "కజెమాచి రోమన్" సంపుటముతో ఆ వాదము తీరిపోయినదనియే చెప్పవచ్చును. కజెమాచి యనగా గాలిపట్టణము. 1964 ఒలింపిక్ క్రీడలకై టోక్యో నగరమును త్రవ్వి తిరుగగట్టినపుడు మాసిపోయిన తన బాల్యపు వీధులను మత్సుమొతొ ఆ పేరితో పాటలలో నిలిపెను. పరదేశపు వాద్యము, పరదేశపు నడక, కాని తన వీధి, తన నుడి! నకలు చేయుట దోషము గాదు. నకలునొద్దనే నిలిచిపోవుట దోషము. జపానువారు ఆ మెట్టును దాటిరి. మన ఆర్కెస్ట్రాలు నేటికిని దాటలేదు. మన యువకులు జపాను పాట నేర్వవలెనని మేము పట్టుబట్టుట కిదియే ముఖ్యకారణము.

రెండవ కారణము మన నాలుకలోనే యున్నది. తెలుగు అజంతభాష యని మనము గర్వించుచుందుము. జపాను భాషయు దాదాపు అట్టిదే. దాని అక్షరములు అచ్చులతో ముగియును. హల్లుతో ముగియుట యన్నచో మన సున్న వంటి అనునాసికముతో మాత్రమే. హ్రస్వదీర్ఘ భేదము అర్థమును మార్చును. ఎ, ఏ, ఒ, ఓ అను నాలుగును విడివిడిగా వ్రాయు సదుపాయము మన లిపికి గలదు. నాగరిలిపికి సహజముగా లేదు. వారి ద్విత్వము మన ద్విత్వమే. మనము ఛందస్సున మాత్రలు లెక్కించునట్లే వారును తమ పద్యములలో మాత్రలు లెక్కింతురు. అన్నిటికంటె విశేష మొకటి కలదు. మన చలి, చుక్క మొదలగు పదములలో దంతములయొద్ద పలుకు చకారమున్నదిగదా; ఆంగ్లేయుడు పదాదిని పలుకలేక తడబడు ఆ ధ్వని జపాను భాషలో పదే పదే వచ్చును. వారు చంద్రుని "చుకి" యందురు. ఆ చకారము మన చుక్కలోనిదే. ఇందువలన భాషలు రెండును బంధువులని మేము చెప్పుట లేదు. తెలుగు నోటికి జపాను పాట సుళువని మాత్రము చెప్పుచున్నాము. స్వరముల విషయమునను ఇంతే. నాల్గవ స్వరమును ఏడవ స్వరమును విడిచిన యొక మేళమును వారు "యొనానుకి" యందురు. వారి జనప్రియగీతములెన్నో దానియందు నడచును. స రి గ ప ద, అనగా అది మన మోహనరాగపు మెట్లే.

ఇక నే పాటలు నేర్వవలెనన్న ప్రశ్నకు కొన్ని సూచనలు చేయుదుము. మొదటిది రాక్ పాట గాకున్నను ఆరంభమునకు తగినది: 1961లో సకమొతొ క్యూ పాడిన "ఉఎ ఒ ముఇతె అరుకో". దానిని రచించినవాడు ఎయి రొకుసుకె, స్వరపరచినవాడు నకమురా హచిదాయి. దాని ప్రధానవరుస యొనానుకి మెట్లలో సాగునది గనుక మోహనరాగము నెరిగిన పిల్లలకు శీఘ్రముగా పట్టుబడును. రెండవది హాప్పీ ఎండో వారి "కజె ఒ అత్సుమెతె". సన్నని గొంతు, సాదా గిటారు చాలును. కేకలు వలదనువారికి ఇదియే మా సమాధానము. మూడవది బ్లూ హార్ట్స్ బృందమువారి "లిండా లిండా", 1987 నాటిది. కొద్దిపాటి స్వరమేళములతో వాయింపదగినది. మెల్లగా మొదలై ఒక్కమారుగా దుముకును. మురుగుకాలువలోని యెలుకయందును సౌందర్యము జూచునది. నాల్గవది ఏషియన్ కుంగ్‌ఫూ జెనరేషన్ బృందమువారి "హరుకా కనతా". నరుటో యను బొమ్మల చిత్రమాల ద్వారా మన పిల్లలలో అనేకు లిప్పటికే దాని నెరుగుదురు. ఆ బృందము 1996లో ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థుల సంగీతసంఘముననే పుట్టినదను సంగతి మన కళాశాలలవారు గమనింపదగినది.

"లిండా లిండా" పాటను గూర్చి మరియొక మాట చెప్పవలసి యున్నది. 2005లో జపానులో "లిండా లిండా లిండా" యను చలనచిత్రము వెలువడెను. ఉన్నతపాఠశాల బాలికలు కొందరు పాఠశాలోత్సవమునకై బ్లూ హార్ట్స్ పాటలు వాయింప బూనుకొందురు. గాయని చాలకపోగా, కొరియానుండి చదువవచ్చిన బాలికను పాడుమందురు. ఆమెకు జపాను భాష సరిగా రాదు. రాని భాషను పాటచేతనే నేర్చుకొని, ఆమె తుదకు వేదిక నెక్కి నిలుచును. ఇంటనొక భాష, బడినొక భాష గల మన పావగడ పిల్లలకు ఆ కథ యెంత దగ్గరిదో వేరుగా చెప్పనక్కరలేదు.

యువకులకును మా మాట కొంత కలదు. వారు చేయునదెల్ల ఒప్పని మేమనుట లేదు. అర్థమెరుగని పాటను అరచి పాడుట సంగీతము గాదు, అనుకరణము గూడ గాదు. పైన జెప్పిన "ఉఎ ఒ ముఇతె అరుకో" పాటకు పట్టిన గతిని చూడుడు. కన్నీరు జారకుండ పైకి జూచుచు నడచువాని పాట యది. 1960లో అమెరికాతోడి రక్షణసంధికి ఎదురునిలిచిన ప్రజాందోళనము విఫలమైన బాధ నుండి రచయితకు పుట్టినది. అది 1963 జూనులో అమెరికాలో అగ్రస్థానము నందెను. కాని అచ్చట దాని పేరు "సుకియాకి". సుకియాకి యనగా మాంసముతో వండు ఒక వంటకము! పాటకును దానికిని సంబంధమే లేదు. విదేశీయుల నోటికి సులభమని పెట్టిన పేరది. మన విషాదగీతమొకదానికి "రాగిసంగటి" యని పేరుపెట్టి పరదేశమున అమ్మినచో మనము సహింతుమా? కావున పరుల పాట పాడువారికి మొదటి నియమము: పాట అసలు పేరును, రచయిత పేరును, స్వరకర్త పేరును సభలో చెప్పవలెను, తాత్పర్యమును తెలుగున రెండు మాటలలో వివరింపవలెను. రెండవ నియమము: చెవులు చిల్లులు పడు మోతను మానవలెను, పెద్దలు కూర్చుండి వినగలిగినప్పుడే పెద్దలతో వాదింపగలరు.

మూడవ నియమము మాకు ప్రాణమువంటిది. జపాను పాటను ఆంగ్లలిపిలో గాదు, తెలుగులిపిలో వ్రాసుకొని నేర్వవలెను. మన పిల్లలు కన్నడము చదువుచున్నారు, ఆంగ్లము చదువుచున్నారు. అది సరియే, ఈ నేల భాషను నేర్వక ఈ నేలపై బ్రదుకరాదు. కాని ఇంట తెలుగు మాటాడు పిల్లలలో ఎందరు తెలుగు చదువగలరు? అక్షరమాల నేర్పుదుము రమ్మని పిలిచినచో వచ్చువారు కొందరే. పాటకై పిలిచిన వత్తురు. కన్నడలిపి నెరిగినవానికి తెలుగులిపి కొన్ని వారముల పని. తనకిష్టమైన జపాను పాట తెలుగక్షరములలో చక్కగా ఒదుగుట జూచిన బాలుడు, ఆ యక్షరములు తాతగారి పాతపుస్తకములకే పరిమితములని ఇక నెన్నడును తలపడు.

నాల్గవ నియమము: జపాను పాటలు అయిదు నేర్చిన బృందము ఆరవ పాటను తానే కట్టవలెను. అది పుస్తకపు తెలుగున నుండనక్కరలేదు. కన్నడపు మాటలు కలిసిన మన పావగడ తెలుగుననే యుండవలెను. వాన రాని యేడు, ఫ్లోరైడు కలిసిన బోరునీరు, కౌలునకిచ్చిన పొలముపై పరచిన సౌరఫలకములు, బెంగుళూరునకు పోయిన యన్న: ఇవి పాటకు పనికిరాని విషయములా? మత్సుమొతొ తన మాసిన వీధులను పాడెను. మన వీధులను పాడువా డెవడు? హైదరాబాదు సినిమా రచయిత పాడడు; పాడవలసిన పని అతనికి లేదు. మూడు దిక్కుల ఆంధ్రసీమ యున్నను, 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు మనము మైసూరు రాష్ట్రముననే యుంటిమి. అందుకు విచారింప బనిలేదు. కాని అది మొదలు మన పలుకుబడిని పాటలో నిలుపు భారము మనదే యైనది. ఆ భారమును మనము మోయలేదు. సినిమాకు అప్పగించి నిద్రించితిమి.

"మన పాటలు లేవా?" యన్న ప్రశ్నకు నిజమైన సమాధానమిది: చాలినన్ని లేవు. తాతలు పాడిన కోలాటపు పాటలు, భజనపాటలు కలవు, వాటిని కాపాడుకొనవలెను. ఈ తరమువారు ఈ తరమును గూర్చి ఈ యూరి తెలుగున కట్టిన పాట లేవి? చూపుడు. చూపలేనిచో, కట్టు విద్యను నేర్చుకొనుటకు పోవు పిల్లలను అడ్డగింపకుడు. జపాను యువకులు ఆంగ్లపు పాటలను నకలు చేసి చేసి తమ నుడికి తామే త్రోవ వేసికొన్నారు. మన పిల్లలును ఆ త్రోవనే నడవగలరు.

కావున సంఘములవారికి మా కోరిక స్పష్టము. ఉగాది సభలో సినిమా పాటలకిచ్చు మూడు గంటలలో నొక గంటను యువకుల బృందములకు విడువుడు. వారు జపాను పాటలు పాడుదురు గాక. ఆ గంటలో చివరి పాట తమ సొంతపు తెలుగు పాటయై యుండవలెనని షరతు పెట్టుడు. మొదటి యేడు అది బాగుండకపోవచ్చును, తాళము తప్పవచ్చును, ప్రాస కుదురకపోవచ్చును. వినుడు. మనము విననిచో ఆ పిల్లలు పాట మానరు. బెంగుళూరు నగరమున పాడుదురు, ఆంగ్లమున పాడుదురు. అప్పు డది మన చెవిని బడదు, మన నుడిలో నుండదు. పోగొట్టుకొన్నది జపాను పాటను గాదు, తెలుగు పాటనే యని ఆనాడు తెలిసికొని ప్రయోజనము లేదు.